చూడగానే అర్థమయ్యే ఆపరేటర్ పేర్లు ఎంచుకోవడం ఎలా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. వాళ్ళకోసం చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేస్తుంటే, ఆపరేటర్ (కూడిక, పోలిక లాంటి పనిని చెప్పే గుర్తు లేదా మాట) పేరు అందంగా ఉందా అన్నది కాదు, చూసినవాళ్ళందరికీ ఒకే అర్థం తడుతుందా అన్నది చూడాలి.

ముందు మీ భాష చేయాల్సిన పనులన్నీ కాగితంమీద రాసుకోండి. +, -, <, > జోలికి పోకండి. లెక్కల పుస్తకం వాటిని ఎప్పుడో ఖాయం చేసేసింది. గుణకారం గుర్తు కీబోర్డుమీద లేదు కాబట్టి * సరిపోతుంది.

తరువాత చీటీల పరీక్ష. భాష గురించి ఏమీ చెప్పకుండా పదిమందికి 7 / 2, 2 ^ 3, "5" + 3 ఇచ్చి జవాబులు రాయమనండి. ఎనిమిదిమందైనా ఒకేలా రాస్తే గుర్తు ఉంచండి, చీలితే గుర్తు మానేసి మాట పెట్టండి. కాలిక్యులేటర్ అలవాటున్నవాళ్ళు 2 ^ 3 కి 8 అంటారు. ప్రోగ్రామింగ్ భాషలైన సి, పైథాన్‌లలో వచ్చేది 1, అక్కడ ఆ గుర్తు ఘాతానికి కాదు, సంఖ్యల్లోని 0, 1 బిట్లను పోల్చే ఎక్స్‌ఆర్ మరి. జావాస్క్రిప్ట్‌లో "5" + 3 అంటే "53", "5" - 3 అంటే మాత్రం 2! కూడికకూ అతుకుకూ (అక్షరాలను పక్కపక్కన చేర్చడానికీ) ఒకే గుర్తు వాడితే ఇంతే. లువా భాషలో లాగా అతకడానికి .. విడిగా పెట్టండి.

భాగహారం దగ్గర తొందరపడొద్దు. 7 / 2 కి 3.5 అనేవాళ్ళూ, ‘3, శేషం 1’ అనేవాళ్ళూ ఉంటారు, ఇద్దరిదీ ఒప్పే. / ను 3.5 కి వదిలేసి, మిగతా రెంటికీ ‘భాగఫలం’, ‘శేషం’ అని పెట్టండి. ఒడియా బడిలో భాగఫళ, భాగశేష అంటారు గనుక ఇటూ అటూ తెలుస్తాయి. ‘హరణ’ మాత్రం వద్దు: ఒడియాలో అది భాగహారం, తెలుగు చెవికి దొంగతనం. (మన ‘భాగహారం’లోనూ ఆ ధాతువే ఉంది, కానీ ఎవరికీ తట్టదు.)

రుణ సంఖ్యల సంగతి ఇప్పుడే తేల్చండి. -7 ని 3 తో భాగిస్తే శేషం సిలో -1, పైథాన్‌లో 2. వారాలు, గడియారాల లెక్కకు 2 అనుకూలం. అప్పుడు భాగఫలం -3 కావాలి, -2 కాదు. రెంటినీ చెరో భాషనుంచి తెచ్చుకుంటే, భాగఫలాన్ని 3 తో గుణించి శేషం కలిపినా తిరిగి -7 రాదు.

విలువ ఇవ్వడానికి పాత ప్రోగ్రామింగ్ భాష అల్గాల్ 60 వాడిన := తీసుకోండి, = పోలికకే ఉండనివ్వండి. సిలో షరతు లోపల == బదులు = పడినా ప్రోగ్రామ్ నడిచిపోతుంది, తప్పు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

మాటల ఆపరేటర్లను బ్రాకెట్లు లేకుండా వరసగా కలిపితే దోషం చూపించండి. ఏది ముందో పిల్లలు గుర్తుపెట్టుకోరు.

చివరిది టైపింగ్. ‘శేషం’లో సున్న (ం) బదులు తెలుగు అంకె ౦ కొట్టేవాళ్ళు చాలామంది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు. అక్షరం వెనుక ౦ వస్తే దాన్ని సున్నగా మార్చి చదివేలా రాయండి, అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని నాన్‌జాయినర్లను తీసేయండి. ‘శేషము’ అని రాస్తే ఒప్పుకోకుండా, సరైన రూపం ఏదో దోష సందేశంలోనే చూపండి.