ఒక్క గిటారుతో వేదికపై నిండైన స్టీరియో ధ్వని

బృందంలో గిటారు వాయించేవారు ఒక్కరే అయినప్పుడు, సోలో మొదలవగానే వెనుక తోడుగా నడిచే రిథమ్ గిటారు లేకపోవడంతో ధ్వని పలచబడుతుంది. రెండు ఆంప్లిఫయర్లను వేదికకు ఇరువైపులా ఉంచడం మంచి ఉపాయమే గాని, రెండింటిలోనూ అచ్చంగా ఒకే ధ్వని వస్తే అది బిగ్గరగా వినిపించే మోనో (అన్ని స్పీకర్లలో ఒకే ధ్వని) మాత్రమే అవుతుంది. గిటారు ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ తరువాత సిగ్నల్‌ను రెండుగా చీల్చి, ఒక వైపును మాత్రం 15 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే ధ్వని వెడల్పవుతుంది. 1975లో వచ్చిన రోలండ్ జేసీ-120 ఆంప్లిఫయర్ కూడా ఒక స్పీకరుకు నేరు ధ్వనిని, మరొకదానికి పిచ్ స్వల్పంగా ఊగే ధ్వనిని పంపి తన కోరస్‌ను, అంటే పలు వాద్యాలు కలిసి మోగుతున్నట్టు అనిపించే ధ్వనిని, పుట్టిస్తుంది.

రెండు ఆంప్లిఫయర్లు కలిసి మోగినప్పుడు మంద్రస్థాయి మాయమైతే పొలారిటీ (సిగ్నల్ ప్లస్-మైనస్ దిశ) ఎదురెదురుగా ఉందని గ్రహించి, ఒక వైపు పొలారిటీని తిప్పాలి. హమ్ (గుయ్‌మనే రొద) వస్తే ఒక వైపు సిగ్నల్ మార్గంలో, రెండు వైపుల విద్యుత్ సంబంధాన్ని విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలే తప్ప, కరెంటు ప్లగ్గు ఎర్త్‌ను ఎన్నడూ తొలగించరాదు, అది ప్రాణాంతకం.

అన్నిటికన్నా ముఖ్యమైనది సౌండ్ ఇంజనీరుతో ముందుగా మాట్లాడటం. హాలు స్పీకర్ల వ్యవస్థ మోనో అయితే, ఆలస్యమైన ధ్వని నేరు ధ్వనితో కలిసి కొన్ని పౌనఃపున్యాలను రద్దు చేస్తుంది కనుక, అక్కడ ఆలస్యం లేని నేరు వైపును మాత్రమే ఇవ్వడం మేలు. స్టీరియో ఉన్నచోట కూడా, అంచు కుర్చీల్లోని శ్రోతలకు ఒక వైపే ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి, ముఖ్యమైన రిఫ్ (పదేపదే వచ్చే చిన్న స్వరవరుస) రెండు వైపులా ఉండేలా చూసుకోవాలి.