మంత్రిగారు తప్పించుకోలేని ప్రశ్న రాయడం ఎలా?

అసెంబ్లీ సమావేశాల తేదీలు రాగానే ఎమ్మెల్యేల ఆఫీసుల్లో హడావుడి మొదలవుతుంది. పీఏ ఒక పేపర్ కటింగ్ ముందు పెట్టుకుని సభలో వేయాల్సిన ప్రశ్నకు నోటీసు రాసి పారేస్తాడు: "రాష్ట్రంలో ప్రభుత్వ వైద్య సేవలు పూర్తిగా కుంటుపడిన విషయం వాస్తవమేనా?" జవాబు ఏమొస్తుందో సభ దాకా వెళ్లకుండానే చెప్పొచ్చు. "కాదండి." కింద "అయితే ఏం చేశారు?" అని రెండో భాగం ఉంటే దానికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు." అంతే సంగతులు. ఆ నియోజకవర్గంలో డాక్టర్ లేని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అలాగే ఉంటుంది, శాఖలో సెక్షన్ ఆఫీసర్ మాత్రం హాయిగా టీ తాగుతాడు.

ప్రశ్న రాయడం పెద్ద విద్యేం కాదు. కానీ ఎవరూ శ్రద్ధగా చేయరు. ఎమ్మెల్యేలు, వాళ్ల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, తమ ఊరి సమస్యను ఎమ్మెల్యే చేత అడిగించాలనుకునేవాళ్లు, ఎవరికైనా పద్ధతి ఇదే.

కావలసినవి: నోటీసు ఫారం, సభ నియమావళి, ఆ శాఖ గత సమావేశాల్లో ఇచ్చిన జవాబులు, బడ్జెట్ పద్దుల పుస్తకం, ఆ శాఖ మీద కాగ్ (ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే సంస్థ) నివేదిక ఉంటే అది. వీటన్నిటికంటే ముందు, ఆస్పత్రికి స్వయంగా వెళ్లి హాజరు పట్టిక, మందుల స్టాకు రిజిస్టరు చూసి వచ్చే మనిషి కావాలి. అలాంటి మనిషి దొరక్కపోతే ప్రశ్న వేయకండి.

మొదట, విషయం ఎవరిదో చూసుకోండి. ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రాష్ట్ర జాబితాలోవి. పీహెచ్‌సీలో నర్సు లేదని ఎంపీ చేత లోక్‌సభలో అడిగిస్తే అది రాష్ట్రం సంగతి అంటారు. అదే ఎంపీ జాతీయ ఆరోగ్య మిషన్ కింద కేంద్రం ఎంత ఇచ్చింది, రాష్ట్రం ఎంత ఖర్చు చేసింది అని అడగొచ్చు. కోర్టులో నడుస్తున్న విషయాన్ని ముట్టుకోవద్దు. గడువు కూడా చూసుకోండి. లోక్‌సభలో కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు. అసెంబ్లీలో మీ సభ నియమావళి ఏం చెబితే అది.

తర్వాత, ఒకే సేవ, ఒకే జిల్లా, ఒకే కాలవ్యవధి తీసుకోండి. రాష్ట్రం మొత్తానికి పదేళ్ల లెక్కలు అడిగితే "సమాచారం సేకరిస్తున్నాము" అని రాస్తారు. నిజానికి వాళ్లకు కావలసింది అలాంటి ప్రశ్నే.

ఇక రాయడం. పాడుచేసేదంతా ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చదవండి. మంత్రిగారు చదివే జవాబు మంత్రిగారు రాసింది కాదు. జిల్లా నుంచి వచ్చిన లెక్కల్ని శాఖలో ఒక అధికారి మీ వాక్యం పక్కన పెట్టుకుని, దాన్ని మాటమాటకూ చూస్తూ రాస్తాడు. మీరు అడిగిందానికే జవాబిస్తాడు, మీ మనసులో ఉన్నదానికి ఇవ్వడు. "పూర్తిగా" అని రాశారా, ఒక్క పీహెచ్‌సీ పనిచేస్తున్నా "కాదండి" అనే హక్కు ఆయనకు వచ్చేసింది. విశేషణం అనేది కంచెలో మనమే చేసిపెట్టిన కంత. "తీవ్ర", "దారుణ", "నిర్లక్ష్యం", అన్నీ కొట్టేయండి. లోక్‌సభ నియమాల్లో 41వ నియమం వాదనలు, వ్యంగ్యం, ఆరోపణలు ప్రశ్నలో ఉండకూడదనే అంటుంది. చాలామంది దీన్ని తమ నోరు కట్టేసే నియమం అనుకుంటారు. నన్నడిగితే అది ప్రశ్నను కాపాడే నియమం.

రెండో ప్రమాదం "పనిచేస్తున్నారు" అనే మాటతో వస్తుంది. "పీహెచ్‌సీలో ఎందరు డాక్టర్లు పనిచేస్తున్నారు?" అని అడిగితే ఇద్దరు అని వస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరి జీతం ఈ పీహెచ్‌సీ పేరు మీదే, మనిషి మాత్రం జిల్లా కేంద్రంలో డిప్యుటేషన్ మీద. జవాబులో అబద్ధం లేదు, ఊళ్లో డాక్టరూ లేడు. కాబట్టి మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, డిప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నవారు, మూడూ విడివిడిగా అడగాలి. డబ్బు విషయంలోనూ అంతే. "ఎంత కేటాయించారు" అని ఒక్కటే అడిగితే బడ్జెట్ పుస్తకంలోని పెద్ద అంకె చదివి కూర్చుంటారు. కేటాయించింది, విడుదల చేసింది, ఖర్చయింది, ఈ మూడు అంకెలు పక్కపక్కన పడితేనే గుట్టు బయటపడుతుంది.

మూడోది "చర్యలు తీసుకుంటున్నారా?" అనే ప్రశ్న. దయచేసి ఇది రాయకండి. "తీసుకుంటున్నామండి" తప్ప ఇంకో జవాబు ఈ ప్రశ్నకు ఎప్పుడూ రాదు. తేదీ అడగండి. తేదీ చెప్పలేకపోతే ఆ చెప్పలేకపోవడమే రికార్డులోకి ఎక్కుతుంది. "ఎందుకు" అని కూడా అడగకండి. కారణాలు ఎన్నయినా పుట్టించొచ్చు, ఫైలు తేదీని అలా పుట్టించలేరు.

నాలుగు భాగాలకు మించకూడదు. అయిదో భాగం ఉందంటే మీకే స్పష్టత లేదని అర్థం. ప్రశ్న ఇలా ఉండాలి:

"వైద్య, ఆరోగ్య శాఖామాత్యులు ఈ క్రింది విషయములను దయతో తెలియజేయుదురా:
అ) ఫలానా జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మార్చి 31 నాటికి మంజూరైన, భర్తీ అయిన, ఖాళీగా ఉన్న వైద్యాధికారుల పోస్టులు ఎన్ని, కేంద్రాలవారీగా;
ఆ) భర్తీ అయినవారిలో డిప్యుటేషన్‌పై వేరే చోట పనిచేస్తున్నవారు ఎందరు, ఏ తేదీ నుండి;
ఇ) ఈ కేంద్రాలు గత మూడు నెలలలో ఇండెంటు పెట్టినా సరఫరా కాని మందులు ఏవి;
ఈ) ఖాళీలను ఏ తేదీలోగా భర్తీ చేయుదురు?"

చప్పగా ఉందా? ఉండాలి. కోపమంతా సభలో చూపించుకోవచ్చు.

"ఇదంతా ఎందుకు, జీరో అవర్‌లో గట్టిగా మాట్లాడితే సరిపోదా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జీరో అవర్ అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. సాయంత్రం టీవీలో రావడమే కావలిస్తే సరిపోతుంది. జీరో అవర్‌లో లేవనెత్తిన దానికి అక్కడికక్కడే జవాబు చెప్పి తీరాలన్న నిర్బంధం మంత్రికి లేదు, "నోట్ చేసుకున్నాం" అంటే చాలు. అడ్మిట్ అయిన ప్రశ్నకు మాత్రం శాఖ రాతపూర్వకంగా జవాబివ్వాలి. మంత్రికి వినతిపత్రం ఇవ్వడం ఇంకా దండగ, దాని మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి కిందికి పంపేస్తారు.

అధికార పక్షం వాళ్లు ప్రశ్నలు వేస్తే బాగుండదనే వాదన కూడా వింటుంటాను. 1957లో ఎల్‌ఐసీ డబ్బుతో వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల షేర్లు కొన్న వ్యవహారాన్ని లోక్‌సభలో నిలదీసిన ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. ఆయన కేకలు వేయలేదు, మార్కెట్ ధర ఎంత, ఎల్‌ఐసీ ఎంత పెట్టి కొన్నది అని లెక్కలు చదివారు. విచారణ జరిగింది, 1958లో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు.

నక్షత్ర గుర్తు వేయాలా వద్దా? గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, లేనిదానికి రాతపూర్వక జవాబే. ముందు నక్షత్ర గుర్తు లేని ప్రశ్న వేసి లెక్కలు రాబట్టండి. వచ్చే సమావేశాల్లో ఆ లెక్కలతోనే నక్షత్ర గుర్తు ప్రశ్న వేయండి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు జాబితాలో ఉన్నా ప్రశ్నోత్తరాల గంటలో సభ ముందుకు వచ్చేవి కొన్నే. మీది పదిహేనోది అయితే లిఖితపూర్వక జవాబుతోనే సరిపెట్టుకోవాలి.

నోటి జవాబు దాకా వస్తే, ఆ జవాబు మీద అక్కడికక్కడే వేసే అనుబంధ ప్రశ్నే కీలకం. దాన్ని సభలో నిలబడి ఆలోచించకూడదు. "అవునండి" వస్తే ఒకటి, "కాదండి" వస్తే ఒకటి, రెండూ ముందు రోజు రాత్రే రాసి పెట్టుకోవాలి. ఒకే వాక్యం, చివర అంకె గాని తేదీ గాని ఉండాలి. మన సభ్యులు "అధ్యక్షా, మన ముఖ్యమంత్రిగారి నాయకత్వంలో..." అని మొదలుపెట్టేసరికి గంట మోగుతుంది, మైకు కట్ అవుతుంది. ఈలోపు అధికారుల గ్యాలరీ నుంచి చీటీ మంత్రిగారి చేతికి చేరిపోతుంది. చిన్న ప్రశ్న వేస్తే ఆ చీటీ రాయడానికి టైమే ఉండదు.

జవాబు చేతికొచ్చాక ఇంటికి వెళ్లిపోకండి. అందులో "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాము", "పరిశీలిస్తాను" లాంటి మాటలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. లోక్‌సభలో ఇలాంటివి హామీల కింద లెక్క, మూడు నెలల్లో నెరవేర్చాలి, వాటిని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచీ ఉంది. మీ సభలోని హామీల కమిటీకి ప్రశ్న నంబరు, తేదీ వేసి లేఖ ఇవ్వండి. అదే ప్రశ్న మళ్లీ వేస్తే తిరస్కరిస్తారు కాబట్టి తర్వాతి నోటీసును "ఫలానా తేదీన ఇచ్చిన జవాబు తర్వాత భర్తీ అయిన పోస్టులు ఎన్ని" అని మొదలుపెట్టండి.

జవాబు కాపీని మొదట రిజిస్టరు చూసి వచ్చిన మనిషికి ఇచ్చి మళ్లీ పీహెచ్‌సీకి పంపండి. కాగితం మీద ఉన్న డాక్టరు అక్కడ లేకపోతే వెంటనే మంత్రి సభను తప్పుదోవ పట్టించారని సభా హక్కుల నోటీసు అంటూ ఎగరకండి. కావాలనే తప్పు చెప్పారని రుజువు చేయడం చాలా కష్టం. జవాబులో ఫలానా అంకె తప్పు అని హాజరు పట్టిక వివరాలతో స్పీకర్‌కు రాయండి. సభలో జవాబు సరిదిద్దుకోవాల్సి వస్తుందంటే మంత్రి కంటే ముందు శాఖలో టెన్షన్ పడతారు, డిప్యుటేషన్ రద్దు ఆర్డరు చాలాసార్లు అప్పుడే బయటికొస్తుంది.