బండి కింద బోల్టులు రాళ్లకి నలగకుండా కాపాడుకోవడం ఎలా?

థార్ కానీ జిమ్నీ కానీ పాత జిప్సీ కానీ, రాళ్లలో తిరిగొచ్చాక ఒకసారి కింద పడుకుని చూడండి. స్కిడ్ ప్లేట్ (ఇంజన్‌కి రాళ్లు తగలకుండా కింద బిగించే మందపాటి రేకు) మీద గీతలు పడ్డాయంటే పర్లేదు, అది ఉన్నదే అందుకు. కానీ ఆ ప్లేట్‌ని పట్టుకున్న బోల్టుల తలలు చూడండి, ఆరు మూలలూ అరిగిపోయి గుండ్రంగా అయిపోయి ఉంటాయి. బోల్టు తెగిపోద్దేమో అని అందరికీ భయం గానీ అది తక్కువే జరుగుద్ది, ఎక్కువగా జరిగేది తల నలిగి పానా పట్టకపోవడం. అప్పుడు ఆయిల్ మార్చడానికి ప్లేట్ ఊడదు, ప్లేట్‌కీ ఇంజన్‌కీ మధ్య రాయి ఇరుక్కుంటే అడవి మధ్యలో తియ్యలేం. అందుకే నేను చెప్పేది ఒకటే, ఇంకా గట్టి బోల్టు కొనడం గురించి తర్వాత చూద్దాం, ముందు రాయికి తగిలేలా ఏ తలా బయటికి పొడుచుకుని ఉండకూడదు.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నదంతా గ్రానైటు, గండికోట వైపు వెళ్తే క్వార్ట్‌జైటు, రెండిట్లోనూ ఉండే క్వార్ట్జ్ మామూలు బోల్టు ఉక్కు కంటే గట్టిది, టన్ను పైన బరువున్న బండి దాని మీద కూర్చుని జారితే బోల్టు తలని ఆకురాయి పెట్టి రాసినట్టే.

ముందు ఏవి తగులుతున్నాయో కనిపెట్టండి

అన్ని బోల్టులకీ పని పెట్టుకోవద్దు, డబ్బు దండగ. కింద బాగా కడిగి ఆరనిచ్చి, కనపడే ప్రతి బోల్టు తల మీదా ఏదైనా లేతరంగు స్ప్రే పెయింట్ పల్చగా కొట్టండి. తర్వాత మీరు ఎప్పుడూ వెళ్లే రాళ్ల దారిలో ఒకసారి తిరిగి రండి. పెయింట్ ఎక్కడ లేచిపోయిందో అవే మీ బోల్టులు, మిగతావాటిని వదిలేయండి. గీత ఎటు నుంచి ఎటు పోయిందో కూడా చూడండి, చాలామంది ముందుకి వెళ్లేటప్పుడే తగులుద్ది అనుకుంటారు గానీ ఎక్కలేక వెనక్కి జారినప్పుడు తగిలేవి కూడా బానే ఉంటాయి, వాటికి రక్షణ వెనక వైపు నుంచి కావాలి.

కిందకి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండులు వేసి, చక్రాలకి అడ్డం పెట్టి, చదును నేల మీదే పని చెయ్యండి.

దొరికిన బోల్టుల్ని రెండు రకాలుగా విడదీసుకోండి. ప్లేట్‌ని, క్రాస్ మెంబర్ (ఛాసిస్‌కి అడ్డంగా ఉండే దూలం) మీది కవర్లని పట్టుకునే బోల్టులు ఒక రకం, వీటిని మార్చొచ్చు, చుట్టూ ఏదైనా కట్టొచ్చు. షాక్ అబ్జార్బర్, లింక్ ఆర్మ్ (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కడ్డీ), యు-బోల్టు (కమాన్ కట్టని యాక్సిల్‌కి బిగించే U ఆకారపు బోల్టు) లాంటి సస్పెన్షన్ బోల్టులు రెండో రకం, వీటిని షాపులో దొరికిన బోల్టుతో మార్చడం అస్సలు వద్దు, వాటికి అడ్డు పెట్టడమే మన పని.

ప్లేట్ బోల్టులకి: సీఎస్‌కే వెయ్యాలా, రింగు వెయ్యాలా?

బోల్టుల షాపులో సీఎస్‌కే అలెన్ అని అడిగితే ఇస్తారు, సీఎస్‌కే అంటే కౌంటర్‌సంక్, తల మధ్యలో అలెన్ కీ దూరే గుంత ఉంటుంది, తల గరాటులా ఉండి ప్లేట్ లోపలికి కూర్చుంటుంది, కింద నుంచి చూస్తే సాఫీగా ఉంటుంది, రాయికి పట్టు దొరకదు. వినడానికి ఇదే బెస్టు. కానీ లెక్క చూస్కోండి, ఎం8 (అంటే 8 మిల్లీమీటర్ల లావు బోల్టు) సీఎస్‌కే తల లోతే దాదాపు 4.5 నుంచి 5 మిల్లీమీటర్లు, మీ ప్లేట్ 4 మిల్లీమీటర్లదైతే అది పూర్తిగా లోపలికి వెళ్లదు, ఇంకా లోతు చేస్తే చిల్లు పెద్దదై పట్టు పోద్ది. 6 మిల్లీమీటర్ల ప్లేట్‌కి ఎం8 హాయిగా సరిపోద్ది, ఎం10 అయితే దానికీ కొంచెం టైటే. చిల్లుకి వాలు కొట్టేటప్పుడు 90 డిగ్రీల కౌంటర్‌సింక్ బిట్టే వాడమనండి, మామూలు డ్రిల్ బిట్టు మొన 118 డిగ్రీలు ఉంటుంది, దాంతో కానిస్తే తల అంచు మీద మాత్రమే ఆనుతుంది, కొన్నాళ్లకి లూజవుద్ది. ఇంకోటి, సీఎస్‌కేకి చిల్లులు అటూ ఇటూ జరిగే వీలుండదు, ఛాసిస్ నట్టుకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, కాబట్టి ముందు ప్లేట్ బిగించి, సెంటర్లు మార్క్ చేసుకుని, తీసి, అప్పుడు వాలు కొట్టించండి.

అలెన్ గుంతలో మట్టి, కంకర పట్టి గట్టిపడిపోవడం దీనికున్న ఇంకో తలనొప్పి. కొంచెం గ్రీజు నింపి పైన సిలికాన్ చుక్క పెడితే చాలు, ఊడదీసేటప్పుడు సూదితో లాగేస్తే వచ్చేస్తుంది. బటన్ హెడ్ బోల్టులు మాత్రం నేను చెప్పను, చూడ్డానికి గుండ్రంగా బానే ఉంటాయి గానీ లోపల అలెన్ గుంత లోతు తక్కువ, బిగుసుకుపోయిన రోజు కీ తిరిగి తిరిగి గుంత అరిగిపోద్ది.

ప్లేట్ పలచగా ఉంటే, లేదా కంపెనీ ఇచ్చిన ప్లేటే ఉంటే, నా ఓటు రింగుకే. బోల్టు మామూలు ఆరు మూలలదే ఉంచి దాని చుట్టూ ప్లేట్‌కి మందపాటి ఇనుప రింగు వెల్డింగ్ పెట్టించండి, రాయి వచ్చి రింగుని కొడుతుంది, తల లోపల భద్రంగా ఉంటుంది. కొలతలు ఇక్కడే తప్పు చేస్తారు కాబట్టి జాగ్రత్తగా చూడండి. ఎం8 తల ఎత్తు 5.3 మిల్లీమీటర్లు, కింద వాషర్ ఒకటిన్నర, కలిపి దాదాపు 7, అంటే రింగు ఎత్తు 8 నుంచి 9 ఉండాలి. ఎం10కి తలే 6.4, వాషర్‌తో కలిపి ఎనిమిదిన్నర దాకా వస్తుంది కాబట్టి 10 పెట్టండి. రింగు లోపలి కొలత బోల్టు తలని బట్టి కాదు, సాకెట్ (తల మీద తొడిగి తిప్పే పానా గొట్టం) బయటి కొలతని బట్టి తీసుకోవాలి, ఎం8కి వాడే 13 సాకెట్‌కి లోపల 22 మిల్లీమీటర్లు, ఎం10కి వాడే 17 సాకెట్‌కి 28 అయినా ఉండాలి, లేకపోతే రింగు బ్రహ్మాండంగా ఉంటుంది గానీ సాకెట్ దూరదు. మీ దగ్గరున్న సాకెట్‌ని లేత్ షాపుకి తీసుకెళ్లి చూపించండి, మందపాటి పైపు ముక్క నుంచి కోసి ఇచ్చేస్తారు.

రింగు బయటి అంచుని గ్రైండర్‌తో వాలుగా చేయించండి, నిటారు గోడలా ఉంటే రాయి దానికే తన్నుకుని ఆగుద్ది, ప్లేట్ వంగుద్ది. రింగుకి వెనక వైపు చిన్న గాడి కోయించండి, బురద నీళ్లు అటు నుంచి కారిపోతాయి, లేకపోతే లోపల బురద ఎండి సిమెంటులా అయిపోద్ది. వెల్డింగ్ ఎప్పుడూ ప్లేట్ ఊడదీసి పక్కన పెట్టే చెయ్యాలి, ఎదురెదురుగా చిన్న చిన్న టాకాలు వేసి తర్వాత పూర్తి చేస్తే ప్లేట్ వంకర తిరగదు. వరసగా నాలుగైదు బోల్టులు ఉంటే రింగుల బదులు వరసకి రెండు పక్కలా నిలువుగా, అంటే బండి పొడవునా, రెండు పట్టీలు వేయించినా సరిపోద్ది, అడ్డంగా మాత్రం వేయించొద్దు.

రెండు మూడు ప్లేట్లు వరసగా ఉన్న బండి అయితే పెంకుటింటి మీద పెంకుల్లా ఒకదాని అంచు ఇంకోదాన్ని కప్పాలి, ముందు ప్లేట్ తోక వెనక ప్లేట్ మూతికి కింద ఉండాలి, అప్పుడు రాయి జారుకుంటూ వెళ్లిపోద్ది.

గ్రేడ్ సంగతి

బోల్టు బలాన్ని చెప్పే గ్రేడ్ నంబరు తల మీద ఉంటుంది, 8.8 అని ఉన్న బోల్టు ప్లేట్లకి చాలు. కొంతమంది ఇంకా గట్టిదని 12.9 వేస్తారు, నాకు నచ్చదు, పెద్ద దెబ్బ తగిలినప్పుడు బోల్టు పోతే కొత్తది వేసుకోవచ్చు, ఛాసిస్‌లో ఉన్న వెల్డ్ నట్టు పీక్కొస్తే అది పెద్ద పని. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ కూడా వెయ్యొద్దు, మామూలుగా దొరికే ఎ2-70 రకం బలం 8.8 కంటే తక్కువ, పైగా థ్రెడ్డు థ్రెడ్డు కరుచుకుని బిగుసుకుపోద్ది.

సస్పెన్షన్ బోల్టులకి

జిమ్నీ లాంటి సాలిడ్ యాక్సిల్ (రెండు పక్కల చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు) బండ్లలో షాక్ అబ్జార్బర్ కింది బోల్టు, ఆర్మ్ యాక్సిల్‌కి కలిసే చోట ఉన్న బోల్టు బాగా కిందకి ఉంటాయి. అడ్డంగా ఉన్న బోల్టుకి దెబ్బ తగిలే వైపు థ్రెడ్డు తోక బయటికి వచ్చి ఉంటే, దాన్ని తిప్పి తల అటు, తోక ఇటు వేయొచ్చు, తల పొట్టిది కాబట్టి తక్కువ తగులుద్ది, థ్రెడ్డు కూడా నలగదు. కానీ అన్నిటికీ కుదరదు, కొన్ని నట్టులకి తిరక్కుండా రేకు అతికించి ఉంటుంది, కొన్నిట్లో తల లోపలి వైపు దేనికో తగులుద్ది, అలాంటివి కదిలించొద్దు. రబ్బరు బుష్ ఉన్న బోల్టుని చివరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే ఇవ్వాలి, గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చిరిగిపోద్ది.

యాక్సిల్ మీద ఊరికే వెల్డింగ్ పెట్టించొద్దు, బుష్‌లు కాలతాయి, ఆయిల్ సీల్ పోద్ది, ట్యూబు వంగినా వంగుద్ది. మీ మోడల్‌కి బోల్టుతో బిగించే గార్డు దొరికితే అదే కొనండి.

జిప్సీ, కమాన్ కట్టలున్న పాత జీపులు ఉన్నవాళ్లకి అసలు సమస్య యు-బోల్టులు, నట్టులు నేల వైపు చూస్తూ కింద వేలాడుతుంటాయి. నట్టు దాటి రెండు మూడు థ్రెడ్లు వదిలి మిగిలింది కోసేయండి, కింది ప్లేట్‌ని ఊడదీసి నట్టులకి రెండు పక్కలా వాటికంటే ఎత్తుగా పట్టీలు వేయించి మళ్లీ బిగించండి. యు-బోల్టు ఒకసారి ఊడదీస్తే పాతదే మళ్లీ వెయ్యకుండా కొత్తవి వెయ్యండి, అవి బిగింపుకి సాగి ఉంటాయి. కొంచెం దూరం తిరిగాక మళ్లీ టార్క్ (ఎంత బలంగా బిగించామన్న కొలత) చూడాలి, ఇది మర్చిపోవద్దు.

బిగించడం, తర్వాత చూసుకోవడం

థ్రెడ్డుని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, ఛాసిస్ నట్టులో మట్టి ఉంటే ట్యాప్ (థ్రెడ్డు కోసే పనిముట్టు) ఒకసారి తిప్పి, ప్లేట్ బోల్టులకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు లూజవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వెయ్యండి, ఎర్రది వద్దు, అది ఊడాలంటే మంట పెట్టి వేడి చెయ్యాలి. టార్క్ మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి. పొడి థ్రెడ్డుకి 8.8 ఎం8 అయితే 25 న్యూటన్ మీటర్లు, ఎం10 అయితే 50కి దగ్గర్లో అని ఒక అంచనా, మాన్యువల్ ఏదైనా వేరేగా చెప్తే మాన్యువల్ మాటే వినండి.

ఆల్రెడీ తల అరిగిపోయిన బోల్టు ఉంటే పానాతో గుంజి ఇంకా పాడు చెయ్యొద్దు. 13 తల గుండ్రంగా అయిపోతే 12 సాకెట్, పన్నెండు మూలలది, సుత్తితో కొట్టి ఎక్కించి తిప్పండి. రాకపోతే తల మీద ఒక నట్టు పెట్టి మధ్యలో వెల్డింగ్ చేయించండి, ఆ వేడికే థ్రెడ్డు వదులుద్ది. బ్యాటరీ నెగటివ్ తీసేసే చెయ్యాలి, పెట్రోల్ ట్యాంకు, పైపుల దగ్గరైతే ఇది అస్సలు వద్దు, డ్రిల్‌తోనే తీయించండి.

చివరగా బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి ప్లేట్ మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. రాళ్లలో తిరిగొచ్చి కింద కడిగినప్పుడల్లా ఆ గీత కలిసే ఉందా, పక్కకి జరిగిందా చూడండి. జరిగితే టార్క్ పెట్టి, పాత గీతని థిన్నర్‌తో తుడిచి కొత్తది గీయండి, పాతది అలాగే ఉంచితే వచ్చేసారి ఏది చూడాలో తెలీదు.