వేడెక్కాక మొరాయించే బండి: చల్లారకముందే చేయవలసిన పరీక్షలు

ఉదయం ఒక్క కిక్కుకే స్టార్టయి, పది పదిహేను కిలోమీటర్లు చక్కగా నడిచి, ఆ తరువాత మిస్సింగ్ కొట్టి ఆగిపోయి, చెట్టు నీడలో అరగంట నిలిపితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యే బండిని మెకానిక్కుకు చూపించడం కష్టం. షాపుకు చేరేసరికి ఇంజన్ చల్లారిపోతుంది, లోపం దాక్కుంటుంది. అందుకే చాలామంది ముందు కార్బొరేటర్ శుభ్రం చేయించడానికి, తరువాత ప్లగ్గుకు, చివరకు బోరు పనికి కూడా డబ్బు పోసి, అదే జబ్బుతో బండిని ఇంటికి తెచ్చుకుంటారు. ఈ లోపం దొరికేది బండి ఆగిన చోటే, ఆగిన తొలి ఐదు నిమిషాల్లోనే. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 100 నుంచి 150 సీసీ వరకు గల, గాలితో చల్లబడే, కార్బొరేటర్ ఉన్న బండ్ల గురించి.

ప్లగ్ పానా, బాగా పనిచేస్తున్నదని ముందే రూఢి చేసుకున్న మరొక ప్లగ్, స్క్రూడ్రైవర్, ఒక చిన్న సీసా, మందపాటి గుడ్డ బండిలో పెట్టుకుని బయలుదేరాలి. బండి ఆగగానే మొదట పెట్రోల్ ట్యాంకు మూత తెరవాలి. మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే, పెట్రోల్ ఖర్చయిన కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి, కార్బొరేటర్‌కు ధార నిలిచిపోతుంది. మూత తీసినప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినిపించి, కాసేపటికి బండి స్టార్టయితే కారణం దొరికినట్టే. ఇది నిజానికి వేడి వల్ల వచ్చే లోపం కాదు, ఖర్చయిన పెట్రోల్‌ను బట్టి వచ్చేది. కానీ అరగంట ఆగితే గాలి మెల్లగా చొరబడి బండి కదులుతుంది కనుక అందరూ ఎండనే నిందిస్తారు. ఛోక్ పూర్తిగా ఆఫ్‌లో ఉన్నదో లేదో కూడా అప్పుడే చూడాలి. తరువాత మూత మళ్ళీ బిగించాలి.

రెండవ పరీక్ష కరెంటుది. పాత ప్లగ్గును ఇంజన్‌లోనే ఉంచి, దాని క్యాపు మాత్రం ఊడదీసి, ఆ క్యాపుకు కొత్త ప్లగ్గును తగిలించి, ప్లగ్గు లోహభాగం సిలిండర్ హెడ్డుకు గట్టిగా ఆనేలా ఉంచి కిక్ కొట్టాలి. పాత ప్లగ్గు రంధ్రంలోనే ఉన్నందువల్ల ఇంజన్ లోపలి పెట్రోల్ ఆవిరి బయటకు వచ్చి అంటుకునే ప్రమాదం తగ్గుతుంది, కాలుతున్న ప్లగ్గును విప్పే పనీ తప్పుతుంది. చిటపటమంటూ నీలి నిప్పురవ్వ వస్తే కరెంటు బాగున్నట్టు. అప్పుడు పాత ప్లగ్గే అనుమానితం. దాని పింగాణీలో సన్నని పగులు ఉంటే వేడెక్కినప్పుడే కరెంటు అందులోంచి పక్కదారి పడుతుంది. పెట్రోల్ పరీక్షకు ముందే దీన్ని ముగించాలి, ఈ వరుస మార్చకూడదు.

నిప్పురవ్వ అసలు రాకపోతే, వైర్లూ క్యాపూ సరిగ్గా ఉన్నాయని తేలాక, ఎక్కువ అనుమానించవలసింది మాగ్నెట్ పక్కన ఉండి, నిప్పురవ్వ ఎప్పుడు రావాలో సంకేతమిచ్చే పల్సర్ కాయిల్‌ను. దాని లోపలి సన్నని తీగ ఎక్కడో విరిగి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు రెండు కొనలూ తాకుతూ, వేడికి విడిపోతాయి. ఇంటి దగ్గర మల్టీమీటర్‌తో దాని నిరోధాన్ని చల్లగా ఉన్నప్పుడు కొలిచి, తరువాత హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ కొలవాలి. రాగి తీగ నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి, 30 డిగ్రీల వద్ద 200 ఓములు చూపిన కాయిల్ 80 డిగ్రీల వద్ద 240 దాకా చూపడం సహజమే. అంకె గెంతులు వేసినా, తీగ తెగినట్టు చూపినా కాయిల్ మార్చవలసిందే. ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజి ఇచ్చే హెచ్‌టి కాయిల్‌నూ ఇలాగే చూడవచ్చు. నిప్పురవ్వను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె అయిన సిడిఐకి ఇంట్లో నమ్మదగిన పరీక్ష లేదు. పనిచేసే మరొకదాన్ని పెట్టి చూడడమే మార్గం.

కరెంటు ఉంటే, కార్బొరేటర్ అడుగు గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, సైలెన్సర్ మీద పడకుండా పెట్రోల్‌ను సీసాలో పట్టాలి. గిన్నెలోనిది కారిపోయాక కూడా ధార ఆగకుండా రావాలి. ఆగితే కాక్ లోని జాలీ, పైపు వంపులు చూడాలి. పైపు ఇంజన్‌కు ఆనుకుని ఉంటే దాన్ని దూరంగా మళ్ళించాలి.

కరెంటూ పెట్రోలూ రెండూ ఉండి, కిక్ మాత్రం మెత్తగా దిగిపోతుంటే టాపెట్లు బిగిసిపోయాయని అనుమానించాలి. టాపెట్ శబ్దం చేస్తే అందరూ కంగారుపడతారు, నాకైతే శబ్దం లేనిదే ఎక్కువ భయం. వాల్వు కూర్చునే సీటు అరిగేకొద్దీ, వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు పెరగదు, తగ్గుతుంది. వేడికి వాల్వు కాడ సాగాక ఆ కాస్త సందూ లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పుడు కంప్రెషన్ పడిపోతుంది, సీటు ద్వారా వేడి పోయే దారి లేక ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది కూడా. రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో, పిస్టన్ పై కొనకు చేరినట్టు చూపే మాగ్నెట్ మీది టీ గుర్తును సరిపెట్టి, రెండు రాకర్లూ వదులుగా ఆడుతున్నాయని నిర్ధారించుకున్నాక, సందు కొలిచే పలుచని రేకు అయిన ఫీలర్ గేజ్ పెట్టాలి. ఈ తరహా బండ్లలో సందు సాధారణంగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలోని అంకెనే పాటించండి. లాక్ నట్టు బిగించాక మళ్ళీ కొలవండి, బిగింపులో సందు మారుతుంది.

బండి ఆగకుండా కేవలం పికప్ తగ్గుతుంటే వెతికే చోటు వేరు. సెంటర్ స్టాండ్ వేసి వెనుక చక్రం తిప్పి, బ్రేకు పట్టుకుంటున్నదేమో చూడాలి. ఇలాంటి చిన్న ఇంజన్లలో ఆయిల్ సుమారు లీటరే ఉంటుంది కనుక, అందులో 200 మిల్లీలీటర్లు తగ్గినా తేడా తెలుస్తుంది. సిలిండర్ రెక్కల మధ్య పేరుకున్న బురదను ఇంజన్ చల్లారాకే కడగాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయవాడ, రామగుండం ఎండల్లో ఈ చిన్న విషయాలే పెద్దవవుతాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లకు డ్రెయిన్ స్క్రూ పరీక్ష వర్తించదు. వాటి పెట్రోల్ పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక రోడ్డు మీద దాన్ని ఊడదీయకూడదు. మీటర్‌లో ఇంజన్ గుర్తు గల దీపం వెలిగిందా, ఎన్నిసార్లు మెరిసింది, ఎన్ని కిలోమీటర్ల తరువాత ఆగింది అన్నవి కాగితం మీద రాసుకుని సర్వీసు సెంటరులో ఇస్తే, చల్లారిన బండిలో కూడా వారు దేనికోసం వెతకాలో తెలుస్తుంది.