అమెరికాకి హెచ్-4 వీసా మీద వెళ్తున్నారా? చెన్నై స్లాట్ కంటే ముందు చూసుకోవాల్సినవి

బెంగళూరులో మార్చి నెలాఖరుకి స్కూళ్లలో పరీక్షలు అయిపోతాయి. అక్కణ్ణుంచి మా అపార్ట్‌మెంట్లో ఎవరు ఎదురుపడినా ఒకటే మాట, "స్లాట్ దొరికిందా?" అని. స్లాట్ అంటే చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకి అపాయింట్‌మెంట్. భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ముందు వెళ్లిపోయి, భార్యాపిల్లలు కుటుంబానికిచ్చే హెచ్-4 మీద వెనకాల వెళ్లాల్సిన మన తెలుగువాళ్లు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చాలామందే ఉన్నారు. మా అక్క, ఇద్దరు పిల్లలు అలాగే వెళ్లారు, ఆ పనులన్నీ నేనే దగ్గరుండి చూశాను. అందరూ స్లాట్ గురించే టెన్షన్ పడతారు గానీ మాకు చెమటలు పట్టించినవి కాగితాల్లోని పేర్లు.

అక్క పేరులో లక్ష్మి ఉంది. పాస్‌పోర్టులో అది కె, ఎస్, హెచ్ అక్షరాలతో ఉంటే పెళ్లి సర్టిఫికెట్లో ఎక్స్ పెట్టి రాశారు. ఇన్నేళ్లలో ఎవరం గమనించలేదు. రాత్రి పదకొండింటికి వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపుతూ రెండు కాగితాలూ డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టినప్పుడు కనపడింది. అది దిద్దించాలంటే పెళ్లి రిజిస్టరైన ఊరికే వెళ్లాలి, బెంగళూరులో కూర్చుంటే అయ్యే పని కాదు. చిన్నవాణ్ణి నా దగ్గర వదిలి అక్క రెండుసార్లు రాత్రి బస్సెక్కింది, మొదటిసారి సారు లీవులో ఉన్నారని వెనక్కి పంపేశారు. కాబట్టి మీరు ఇవాళే పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు, మీవారి ఐ-797 (హెచ్-1బీ ఆమోదించినట్టు ఇచ్చే కాగితం) ఒకచోట పరిచి, ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకోండి. గుడిలో ఇచ్చిన రశీదు, శుభలేఖ చాలవు, రిజిస్ట్రారు ఆఫీసు సర్టిఫికెట్ ఉండాలి. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లీషు అనువాదం జత చేయండి. పిల్లల ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉండిపోయిన ఇళ్లు కూడా ఉన్నాయి, అది కూడా చూడండి.

మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంకో తిప్పలుంది. సర్‌నేమ్ గడి వదిలేసి, ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లో పెట్టేసి ఉంటారు. అలా ఉంటే వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. అక్కడికి వెళ్లాక బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో అదే వెంటపడుతుంది. టైముంటే ముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టి ఇంటిపేరు విడదీయించుకోండి. పిల్లల పాస్‌పోర్టు గడువు 5 ఏళ్లే కాబట్టి అది కూడా ఇప్పుడే చూడండి, ఎందుకో చివర్లో చెప్తాను.

స్లాట్ ఇప్పిస్తాం, లాగిన్ ఇవ్వండి అనేవాళ్లకి మాత్రం దయచేసి ఇవ్వకండి. 2025 మార్చిలో బాట్లతో, అంటే వాటంతటవే స్లాట్లు పట్టేసే సాఫ్ట్‌వేర్‌తో బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను ఇండియాలోని అమెరికా ఎంబసీ రద్దు చేసి, ఆ అకౌంట్లను కొన్నాళ్లు ఆపేసింది. డబ్బు పోతే పోయింది, అకౌంటే ఆగిపోతే ఏం చేస్తారు? పాత సలహాలను కూడా నమ్మకండి. 14 ఏళ్లలోపు పిల్లలకు ఇంటర్వ్యూ ఉండదనే మాట 2025 సెప్టెంబరు 2తో దాదాపు పోయింది. అదే ఏడు డిసెంబరు 15 నుంచి హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు, ప్రొఫైళ్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. ఐదేళ్లలో వాడిన అకౌంట్లన్నీ ఫారంలో రాయాలి. భయపడి డిలీట్ చేయడం, ఒకటి దాచడం రెండూ వద్దు.

ఆ తనిఖీ మొదలైనప్పుడు ఎంతోమంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. టికెట్లు కొనేసి, ఉద్యోగానికి రాజీనామా పెట్టేసి, ఇల్లు ఖాళీ చేస్తామని ఓనర్‌కి చెప్పేసి ఉన్నవాళ్ల పరిస్థితి ఊహించండి. వీసా స్టాంపైన పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా పిల్లల టీసీ తీసుకోకండి. మళ్లీ అదే స్కూల్లో సీటు అడిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో బెంగళూరులో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

చెన్నైలో బయోమెట్రిక్ ఒక చోట, ఇంటర్వ్యూ జెమినీ ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్‌లో. ముందురోజే చేరుకోండి, ఇక్కణ్ణుంచి తెల్లవారుజామున బయల్దేరి అందుకుందామనే సాహసం వద్దు. అపాయింట్‌మెంట్‌కి ఇచ్చిన డీఎస్-160 నంబరు, చేతిలోని ప్రింటు మీది నంబరు ఒకటేనా అని చూసుకోండి. లోపలికి ఫోన్ రానివ్వరు. అందుకని బయటికొచ్చాక ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని, నా నంబరు కాగితం మీద రాసి అక్క పర్సులో పెట్టాను. అడిగింది రెండు నిమిషాలు: మీవారు ఏ కంపెనీ, ఏ ఊళ్లో పని, పెళ్లెప్పుడయింది. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్ల ఇంట్లోవాళ్లు జీతమిచ్చే కంపెనీ పేరు, పనిచేసే క్లయింటు పేరు రెండూ తెలుసుకుని వెళ్లాలి. ఫైల్లో ఐ-797 కాపీ, ఈమధ్య పే స్లిప్పులు, కంపెనీ లెటర్, నాలుగు పెళ్లి ఫొటోలు ఉంచుకోండి. ఒకవేళ వీసా ఇంకా తేల్చకుండా పెండింగ్‌లో పెట్టామనే 221(జి) కాగితం చేతిలో పెడితే గుండె జారిపోనక్కర్లేదు, అందులో అడిగిన పత్రాలు ఇవ్వండి.

ఇక పిల్లల టీకాల కార్డు. చికెన్‌పాక్స్ టీకా మన ప్రభుత్వ షెడ్యూల్లో లేదు, అక్కడ చాలా రాష్ట్రాల్లో స్కూల్లో చేర్చాలంటే అడుగుతారు. పిల్లల డాక్టరు దగ్గరికి రెండు మూడు నెలల ముందే వెళ్లండి, ఎందుకంటే డోసుల మధ్య ఎడం ఉండాలి. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయించండి, అక్కడ నెల ముందు, రోజు తర్వాత చదువుతారు. హెచ్-4 మీద పని చేయడానికి వర్క్ పర్మిట్ కావాలి, అది అందరికీ రాదు. ఇక్కడి ఉద్యోగాన్ని అక్కణ్ణుంచి లాప్‌టాప్‌లో చేసుకోవచ్చులే అని ఎవరైనా అంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే నిర్ణయించుకోండి.

పిల్లల పాస్‌పోర్టు సంగతి చెప్తానన్నాను కదా. విమానం దిగాక అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది వీసా స్టాంపు కాదు, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 మీది తేదీ. పాస్‌పోర్టు ముందే ముగిసేలా ఉంటే చాలాసార్లు ఆ ఐ-94 తేదీని కూడా పాస్‌పోర్టు ముగిసే రోజుకే ఆపేస్తారు. మా చిన్నవాడికి అదే జరిగింది, వాడి తల్లికి, వాడి అక్కకి ఒక తేదీ, వాడికి ఏడాదికి పైగా ముందున్న తేదీ. దిగిన వారంలోనే బావ ముగ్గురివీ విడివిడిగా అమెరికా సరిహద్దు, కస్టమ్స్ విభాగం సీబీపీ వెబ్‌సైట్‌లోంచి తీసి ప్రింటు చేసి చూశాడు కాబట్టి తెలిసింది. ముందు వాడి పాస్‌పోర్టు రెన్యూ చేయించి, ఆ తేదీ దాటకముందే గడువు పెంచమని అడిగే ఐ-539 దరఖాస్తు పెట్టారు. ఆ ప్రింటు ఇప్పటికీ వాళ్ల ఫ్రిజ్ తలుపు మీదే ఉంది, చిన్నవాడి తేదీ చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్‌తో సున్నా చుట్టి.