జెస్సీ నార్మన్ గొంతులో స్ట్రాస్ 'నాలుగు చివరి పాటలు': శ్రద్ధగా వినే పద్ధతి

ఒక కవితను తీసుకొని, ఒక గొంతుకూ ఒక పియానోకూ సరిపోయేలా స్వరపరచిన పాటను జర్మన్ భాషలో లీడ్ అంటారు. షూబర్ట్, షూమన్, బ్రామ్స్‌ల చేతుల్లో అది చిన్న గదిలో కొద్దిమంది శ్రోతల ఎదుట పాడుకొనే కళగా ఎదిగింది. ఆ తరువాత మాలర్, రిహార్డ్ స్ట్రాస్ వంటి స్వరకర్తలు అదే పాటకు పియానో బదులు పూర్తి ఆర్కెస్ట్రాను తోడుగా ఇచ్చారు. పాటలోని మాట మాత్రం ఇద్దరు మనుషులు దగ్గరగా కూర్చొని చెప్పుకొనేంత ఆంతరంగికంగానే మిగిలింది. అందువల్ల ఈ పాటల రికార్డింగును వినేటప్పుడు గాయని గొంతు ఎంత గొప్పదో తేల్చుకోవడం కన్నా, ఆ గొంతు ఎక్కడ ఆగి తన మాటను ఏ వాద్యానికి అప్పగిస్తున్నదో గమనించడం ముఖ్యమని నా నమ్మకం.

దీనిని నేర్చుకోవడానికి స్ట్రాస్ 'నాలుగు చివరి పాటలు' కన్నా మంచి రచన నాకు తెలియదు. అందులోనూ సోప్రానో, అంటే పై స్థాయిలో పాడే స్త్రీ గొంతు గల, జెస్సీ నార్మన్ 1982లో లైప్‌జిగ్ గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రాతో, కండక్టర్ కుర్ట్ మజూర్ నిర్వహణలో చేసిన రికార్డింగు అన్నిటికన్నా అనువైనది. అందులో గమనం ఎంత నిదానమంటే, కొత్త శ్రోతకు కూడా ప్రతి వాద్యం ఎప్పుడు ప్రవేశిస్తున్నదో, ఎప్పుడు తప్పుకొంటున్నదో చెవికి అందుతుంది.

వినడానికి ముందు కవితలను చదవాలి. మొదటి మూడు పాటలు హెర్మన్ హెస్సే కవితలు, నాలుగోది పందొమ్మిదో శతాబ్దపు కవి ఐషెన్‌డార్ఫ్ రాసినది. వసంతం, సెప్టెంబరు, నిద్రకు ఉపక్రమించే వేళ, సంజకెంజాయలో అని వాటి పేర్లను తెలుగులో చెప్పుకోవచ్చు. అనువాదాన్ని ఒకసారి చదివి భావం గ్రహించిన తరువాత, మూల జర్మన్ పాఠాన్ని ఎదురుగా పెట్టుకోవాలి. జర్మన్ రానివారు కూడా ప్రతి పాటలో నాలుగైదు ముఖ్యమైన మాటలను గుర్తు పెట్టుకొంటే చాలు: జేలె అంటే ఆత్మ, నాఖ్ట్ అంటే రాత్రి, ఫ్రీడె అంటే శాంతి, టోట్ అంటే మరణం. స్వరకర్త ఏ మాటను సాగదీశాడో, దేనిని తేలికగా దాటించాడో అప్పుడే తెలుస్తుంది.

శబ్దస్థాయిని నాలుగో పాట ఆరంభంతో సరిచూసుకోవాలి. అక్కడ ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా విప్పారుతుంది కనుక, ఆ ఘట్టం చెవికి ఇబ్బంది కలిగించని స్థాయిలో పెట్టుకొని, ఇక చివరిదాకా దానిని ముట్టుకోకూడదు. మెల్లని చోట్ల స్థాయి పెంచితే స్వరకర్త ఉద్దేశించిన దూరాలన్నీ చెరిగిపోతాయి. పాటల స్థాయిని తనంతట తాను సమం చేసే సౌకర్యం పరికరంలో ఉంటే దానిని ఆపివేయడం మంచిది.

మొదటి పాట 'వసంతం' చీకటి గుహల్లో కన్న కలతో మొదలవుతుంది. ఇక్కడ ఊపిరిని గమనించాలి. పక్షుల పాట అన్న అర్థం గల ఫోగెల్‌జాంగ్ అనే మాట మీద స్వరం చాలాసేపు అల్లుకొంటూ సాగుతుంది. అంత పొడవైన పదబంధంలోనూ నార్మన్ గొంతు నిండుదనం తగ్గదు. ఈ పాటకు మరింత తేలికైన, పడుచుదనం నిండిన గొంతు నప్పుతుందన్న అభిప్రాయంలో కొంత న్యాయం ఉంది. నాలుగింటిలో ఆమెకు ఇదే కాస్త తక్కువగా అమరిందని నాకూ అనిపిస్తుంది.

'సెప్టెంబరు'లో తోట దుఃఖిస్తుంది, పువ్వులలోకి చల్లని వాన దిగుతుంది, తుమ్మజాతి చెట్టు నుంచి బంగారు ఆకులు ఒక్కొక్కటే రాలుతాయి. వేసవి అలసిన కళ్లను మెల్లగా మూసుకొన్న తరువాత గాయని మౌనం వహిస్తుంది, హార్న్ అనే ఇత్తడి ఊదువాద్యం ఒంటరిగా పాటను ముగిస్తుంది. స్ట్రాస్ తండ్రి ఫ్రాంజ్ మ్యూనిక్ ఆస్థాన ఆర్కెస్ట్రాలో పేరుపొందిన హార్న్ వాద్యకారుడు. ఎనభై నాలుగేళ్ల కొడుకు ఈ ముగింపును ఆ వాద్యానికే ఇచ్చాడని తెలిసి వింటే ఆ కొద్ది స్వరాల బరువు మరోలా ఉంటుంది. గాయని చివరి మాట ముగియగానే పాట అయిపోయిందని భావించే శ్రోత పోగొట్టుకొనేది దీనినే.

అప్పగింత అన్నది పూర్తిగా అర్థమయ్యేది మూడో పాటలో. పగటితో అలసిన మనిషి చేతులను పని మానమంటాడు, నుదుటిని ఆలోచనలు మరిచిపొమ్మంటాడు. రెండు చరణాలు అయ్యాక గొంతు ఆగుతుంది, ఒంటరి వయొలిన్ సుదీర్ఘంగా పాడుతుంది. ఆ వయొలిన్ భాగాన్ని మధ్యలో వచ్చిన విరామంగా భావించకూడదు. కావలి లేని ఆత్మ స్వేచ్ఛగా రెక్కలు చాచి తేలుతుందని మూడో చరణం చెప్పబోతున్నది. ఆ తేలడం మాటల కన్నా ముందే వయొలిన్‌లో జరిగిపోతుంది. తరువాత గాయని ప్రవేశించి అదే రాగరేఖను అందుకొంటుంది. జేలె అన్న మాట వచ్చినప్పుడు, వయొలిన్ నుంచి గొంతుకు బదిలీ అయిన ఆ స్వరధార ఎక్కడా తెగలేదని గమనించండి. ఈ భాగాన్ని రెండుసార్లు వినాలని నా సలహా: మొదటిసారి వయొలిన్‌ను మాత్రమే, రెండోసారి గొంతును మాత్రమే అనుసరిస్తూ.

'సంజకెంజాయలో' పాటకు తీరికగా సమయం కేటాయించాలి. సుఖదుఃఖాలలో చేయీ చేయీ పట్టుకొని నడిచిన ఇద్దరు ఇప్పుడు నిశ్శబ్దమైన నేల మీద నిలిచి సంధ్యను చూస్తున్నారు. గాయని పౌలీనెతో స్ట్రాస్ వివాహం 1894లో జరిగింది. 1948 మే నెలలో ఈ పాట పూర్తయ్యేనాటికి వారి దాంపత్యానికి యాభై మూడేళ్లు నిండాయి. రెండు భరతపక్షులు మాత్రమే ఇంకా పైకి ఎగురుతున్నాయని కవిత చెప్పే చోట రెండు ఫ్లూట్లు కంపిస్తాయి. చివర గాయని, ఇదేనా బహుశా మరణం, అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు కవితలో లేదు. ఈ పాటకు దాదాపు అరవై ఏళ్ల ముందు, పాతికేళ్ల వయసులో, స్ట్రాస్ 'మరణం, రూపాంతరం' అనే వాద్యరచనను పూర్తి చేశాడు. అందులోని రూపాంతర స్వరమాలను హార్న్ ఇక్కడ మెల్లగా గుర్తు చేస్తుంది. ఆ తరువాత ఫ్లూట్ల కంపనం మళ్లీ వినిపిస్తుంది. టోట్ అన్న మాట చివరి హల్లును నార్మన్ ఎంత మృదువుగా వదులుతుందో, ఆ మృదుత్వం వల్ల వాద్యాలకు దారి ఎలా తెరుచుకొంటుందో చెవి పెట్టి వినాలి.

ఈ ఒక్క పాటకు ఆమె దాదాపు 10 నిమిషాలు తీసుకొంటుంది. ఇంత నిదానం పాటను ఆపివేస్తుందని కొందరు అభ్యంతరం చెబుతారు. ఆ ప్రశ్నను మీకు మీరే తేల్చుకోవడానికి, ఈ రికార్డింగు బాగా పరిచయమైన తరువాత మాత్రమే, లీజా డెల్లా కాజా 1953లో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో, కార్ల్ బోమ్ నిర్వహణలో పాడినది వినండి. అక్కడ నడక చురుకైనది, గొంతు వెండిలా తేలికైనది. ఎలీజబెత్ ష్వార్జ్‌కోఫ్ 1965లో కండక్టర్ జార్జ్ సెల్‌తో చేసిన రికార్డింగులో ప్రతి మాటకూ విడివిడిగా రంగు దిద్దినట్టు ఉంటుంది. జర్మన్ మాట మీద చెవి నిలపాలనుకొనేవారికి అది ఉపయోగపడుతుంది.

డెల్లా కాజా రికార్డింగులో పాటల వరుస వేరుగా కనిపిస్తే అది పొరపాటని అనుకోవద్దు. స్ట్రాస్ 1949 సెప్టెంబరులో మరణించాడు. ఈ పాటలను ఆయన వేదిక మీద వినలేదు. 1950 మే 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ వీటిని మొదటిసారి పాడినప్పుడు వరుస మరోలా ఉంది. ఇప్పటి క్రమాన్నీ పేరునూ ఇచ్చినవాడు ప్రచురణకర్త ఎర్న్‌స్ట్ రోత్. అయితే ఈ రెండు వరుసల్లోనూ సంజపాట చివరే వస్తుంది.

నాలుగూ కలిపి ఒక్కసారి విన్నప్పుడు, ఆఖరి ఫ్లూట్ కంపనం అణగిన వెంటనే తరువాతి పాటలోకి వెళ్లకుండా ఆపండి. నార్మన్ రికార్డింగులో వీటి వెనుక స్ట్రాస్ ఆర్కెస్ట్రా పాటలు మరికొన్ని ఉన్నాయి. వాటిలో 'రేపు' అనే పాటలో వయొలిన్ గొంతు కన్నా చాలా ముందే మొదలై, గాయని ఒక వాక్యం మధ్యలో ప్రవేశించినట్టు తోస్తుంది. దానిని మరుసటి రోజుకు ఉంచుకోండి.