అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్‌లో సి.బి. పాయింట్ల లోపాన్ని పట్టుకునే పద్ధతి

1489 సి.సి. పెట్రోల్ ఇంజిన్, లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత అంబాసిడర్లను ఉద్దేశించి ఈ వివరాలు రాస్తున్నాను. సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం, ఐడ్లింగ్‌లో నిలకడగా ఉన్న బండి వేగం పెంచగానే మిస్సింగ్ కొట్టడం, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోవడం వంటివి కనిపించినప్పుడు సి.బి. (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు, కండెన్సర్, కాయిల్ మూడింటినీ ఒకేసారి మార్చేసే అలవాటు చాలా వర్క్‌షాపుల్లో ఉంది. అలా చేస్తే అసలు లోపం ఎక్కడుందో తెలియదు. పైగా కొత్తగా వేసిన భాగంలోనే లోపం ఉంటే ఒక సమస్య రెండవుతుంది. 12 వోల్టుల చిన్న డాష్‌బోర్డు బల్బుకు రెండు వైర్లు కట్టుకుని, వరుస తప్పకుండా పరీక్షిస్తే, ఏ భాగాన్నీ మార్చకుండానే లోపం దాదాపు ఎప్పుడూ బయటపడుతుంది.

ఈ పాయింట్లు డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ ఉండే స్విచ్ లాంటివి. అవి కలిసి ఉన్నంతసేపు కాయిల్ ప్రైమరీ చుట్టలో విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తిరిగే షాఫ్టు మీది కామ్ ఎత్తు తగిలి పాయింట్లు విడిపోగానే ఆ క్షేత్రం కూలిపోయి, సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టి, రోటర్ మీదుగా ప్లగ్గుకు చేరుతాయి. విడిపోయే క్షణంలో పాయింట్ల మధ్య మంట లేవకుండా, క్షేత్రం చప్పున కూలేటట్టు చూడడం కండెన్సర్ పని. కాబట్టి పాయింట్లు శుభ్రంగా కలవాలి, శుభ్రంగా విడిపోవాలి, సరైన సమయంలో విడిపోవాలి.

ముందుగా బ్యాటరీ బలంగా ఉందో లేదో, దాని టెర్మినళ్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకుని, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలోని హెచ్.టి. (హై టెన్షన్) వైరును ఊడదీయాలి. ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో దాని కొసను ఇంజిన్ బ్లాక్‌కు 5, 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. చుట్టుపక్కల పెట్రోల్ కారడం గానీ, పెట్రోల్ వాసన గానీ ఉంటే ఈ పరీక్ష చేయకూడదు. నీలిరంగు స్పార్కు చటుక్కుమని క్రమంగా పడుతుంటే పాయింట్లు పనిచేస్తున్నట్టే. అప్పుడు వెతకవలసింది రోటర్‌లో, క్యాప్ లోపలి పగుళ్లలో, ప్లగ్గుల్లో, లేదా పెట్రోల్ సరఫరాలో. స్పార్కు అసలు పడకపోయినా, పసుపు రంగులో బలహీనంగా పడినా మాత్రం బల్బు పరీక్షకు దిగాలి.

బల్బు వైరు ఒక కొసను కాయిల్ మీద సి.బి. అని గుర్తున్న టెర్మినల్‌కు, రెండో కొసను ఇంజిన్ లోహానికి తగిలించి, ఇగ్నిషన్ వేసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పాలి. స్టార్టింగ్ హ్యాండిల్ ఉంటే దానితో, లేకపోతే టాప్ గేరులో ఉంచి బండిని మెల్లగా ముందుకు నెట్టి తిప్పవచ్చు. పాయింట్లు కలిసినప్పుడు బల్బు ఆరాలి, విడిపోయినప్పుడు వెలగాలి. పాయింట్లు కలిసి ఉన్న స్థితిలో ఇగ్నిషన్‌ను ఊరికే వేసి ఉంచితే కాయిల్ వేడెక్కి, పాయింట్లు కూడా మాడతాయి కనుక, ఒక్కో పరీక్ష ముగియగానే స్విచ్ ఆపేయాలి.

బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే విద్యుత్తుకు ఎర్త్ దారి దొరకడం లేదని అర్థం. పాయింట్లు కలిసి ఉన్న చోట ఇంజిన్‌ను ఆపి, స్క్రూడ్రైవర్‌తో కదిలే పాయింటు స్ప్రింగును డిస్ట్రిబ్యూటర్ బాడీకి కలపాలి. అప్పటికీ బల్బు ఆరకపోతే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వైరు తెగింది. ఆరితే, అదే స్ప్రింగును ఈసారి పాయింట్లు కూర్చున్న బేస్ ప్లేటుకు కలపాలి. ఇక్కడా ఆరితే లోపం పాయింట్ల ముఖాల్లో ఉంది; ఆరకపోతే ప్లేటును బాడీకి కలిపే చిన్న ఎర్త్ వైరులో ఉంది. ఈ చిన్న వైరు చేసే అల్లరి అంతా ఇంతా కాదు. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ వాక్యూమ్‌తో స్పార్కును ముందుకు జరిపే భాగం) లాగినప్పుడల్లా ప్లేటు కదులుతుంది కాబట్టి, వైరు పై తొడుగు బాగానే ఉన్నా లోపలి తీగ పోగులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు మాత్రమే మిస్సింగ్ వచ్చే బండిలో నేను మొదట అనుమానించేది దీన్నే.

బల్బు అసలు వెలగకపోతే దాన్ని కాయిల్ రెండో టెర్మినల్‌కు, అంటే ఎస్.డబ్ల్యు. వైపుకు మార్చాలి. అక్కడా వెలగకపోతే లోపం ఇగ్నిషన్ స్విచ్‌లోనో, దాని వైరింగులోనో ఉంది. అక్కడ వెలిగితే బల్బును తిరిగి సి.బి. టెర్మినల్‌కు పెట్టి, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరును ఊడదీయాలి. అప్పుడూ చీకటే అయితే కాయిల్ ప్రైమరీ తెగింది. వెలిగితే ఆ వైరుకుగానీ డిస్ట్రిబ్యూటర్ లోపలగానీ ఎర్త్ తగులుతోంది. కొత్త పాయింట్లు వేసిన వెంటనే బండి మొండికేస్తే కారణం చాలావరకు ఇదే. పాత తరహా సెట్లలో కండెన్సర్ వైరు, కాయిల్ వైరు రెండూ స్ప్రింగుకు తగులుతూ, కింది పిన్నుకు గానీ పై నట్టుకు గానీ తగలకుండా ప్లాస్టిక్ బుష్ మీద కూర్చోవాలి. ఆ బుష్‌ను, వాషర్లను తలకిందులుగా పెడితే విద్యుత్తు నేరుగా ఎర్త్‌లోకి పోతుంది. అక్కడ అంతా సవ్యంగా ఉంటే, షార్ట్ అయిన కండెన్సర్ మిగులుతుంది. దాని వైరు విప్పి చూస్తే తేలిపోతుంది.

పాయింట్ల ముఖాల విషయానికి వస్తే, బండి నెలల తరబడి కదలకుండా ఉన్నప్పుడు, అందులోనూ కోస్తా తేమలో, టంగ్‌స్టన్ ముఖాల మీద సన్నని పొర పట్టి కరెంటును అడ్డుకుంటుంది. సన్నని ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్ది, పెట్రోల్‌తో తడిపిన శుభ్రమైన అట్టముక్కను మధ్య నుంచి లాగితే చాలు. ఆకురాయికి బదులు ఎమరీ కాగితం వాడితే, దాని పొడి లోపల మిగిలి అదే కొత్త లోపమవుతుంది. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను కూడా ఇలాగే తుడవాలి. మల్టీమీటర్ ఉన్నవారు పాయింట్లు కలిసి ఉండగా సి.బి. టెర్మినల్‌కు, ఇంజిన్‌కు మధ్య వోల్టేజీ చూడవచ్చు, 0.2 వోల్టు మించకూడదు. ఒక ముఖం మీద గుంట, ఎదురు ముఖం మీద బొడిపె లోతుగా ఏర్పడి ఉంటే రుద్దడం వృథా, సెట్ మార్చాలి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు పాయింట్ల మధ్య చిన్న మెరుపు సహజం. ప్రతిసారీ పెద్దగా తెల్లని నిప్పు లేస్తుంటే కండెన్సర్ పోయినట్టు. దాని విలువ సుమారు 0.2 మైక్రోఫారడ్ ఉంటుంది. బాగున్నదని తెలిసిన కండెన్సర్‌ను సి.బి. టెర్మినల్‌కు, ఎర్త్‌కు మధ్య బయటి నుంచే కట్టి చూడవచ్చు. పాయింట్లతో పాటు కండెన్సర్‌ను కూడా మార్చాలన్న నియమాన్ని నేను పాటించను. పనిచేస్తున్న పాతదాన్ని పారేసి, ఏ నాణ్యతో తెలియని కొత్తదాన్ని నమ్ముకోవడం నష్టానికే దారి తీస్తుంది.

గ్యాప్ సరిచేయడానికి, కదిలే పాయింటు మీద కామ్‌ను తాకే ఫైబర్ హీల్ కామ్ శిఖరం మీదకు వచ్చే వరకు ఇంజిన్‌ను తిప్పి, లాక్ స్క్రూ వదులు చేసి, 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఫీలర్ గేజ్ కొద్దిగా పట్టుతో కదిలేటట్టు పెట్టాలి. అనుమతించిన పరిధి 14 నుంచి 16 థౌ, అంటే సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. స్క్రూ బిగించేటప్పుడు ప్లేటు జరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. గుంటలు పడిన పాయింట్లకు ఫీలర్ గేజ్ అసలు కొలత చూపదు. డ్వెల్‌ను, అంటే పాయింట్లు కలిసి ఉండే కోణాన్ని, కొలిచే మీటర్ ఉంటే 60 డిగ్రీల దగ్గర పెట్టుకోవచ్చు. గ్యాప్ ఎక్కువైతే కాయిల్ నిండే వ్యవధి తగ్గి అధిక వేగంలో మిస్సింగ్ వస్తుంది. తక్కువైతే పాయింట్లు మాడి, స్టార్టింగ్ కష్టమవుతుంది. నాలుగు శిఖరాల మీదా గ్యాప్ ఒకేలా లేకపోతే, రోటర్ తీసి షాఫ్టును పక్కకు ఊపి చూడాలి. ఊగితే బుష్ అరిగింది, అప్పుడు ఎన్ని పాయింట్లు మార్చినా ఫలితం ఉండదు.

గ్యాప్ మారిందంటే టైమింగ్ కూడా మారినట్టే. డ్వెల్‌లో ఒక డిగ్రీ తేడా క్రాంక్ మీద ఒక డిగ్రీ తేడా తెస్తుంది. హీల్ అరిగి గ్యాప్ తగ్గేకొద్దీ స్పార్కు ఆలస్యమై ఇంజిన్ వేడెక్కుతుంది. అందువల్ల ముందు గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్‌లో మాన్యువల్ చెప్పిన గుర్తుకు తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేసి, బల్బు అప్పుడే వెలిగే చోట బిగించాలి. ఈ ఇంజిన్‌లో రోటర్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది కనుక బాడీని గడియారం దిశలో తిప్పితే స్పార్కు ముందుకు జరుగుతుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.

చివరగా కామ్‌కు గ్రీజు పూతను పలుచగా రాసి, రోటర్ కింద ఒక చుక్క నూనె వేయాలి. అంతకు మించితే అది ఎగిరి పాయింట్ల మీద పడి నల్లగా మాడుతుంది. కొత్త హీల్ మొదట్లో త్వరగా అరుగుతుంది కాబట్టి, సుమారు 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, ఆపైన 5,000 కిలోమీటర్లకోసారి గ్యాప్ చూసుకోవాలి.